హబిలిస్: చేతికి వాటమైన ఒక లాటిను మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునాడు పరదేశ భాషలోని ఒక్క మాటను గూర్చి ప్రసంగమేమని కొందఱకు తోచవచ్చును. ఒక మాటను పట్టుకొని దాని వెంట నడచినచో అది ఎక్కడెక్కడికి కొనిపోవునో చూచుట గ్రంథపఠనమువలన కలుగు సుఖములలో నొకటి. నేటి మాట ‘హబిలిస్’. ఇది ప్రాచీన రోమనుల లాటిను భాషలోని యొక విశేషణము. కత్తి, విల్లు, చెప్పు మొదలుగా చేత పట్టుకొనునట్టియు ఒంటికి తగిలించుకొనునట్టియు వస్తువుల గుణమును తెలుపుట దీని మొదటి పని. కాలక్రమమున ఇది వస్తువును విడిచి మనిషిని ఆశ్రయించినది. ఇంగ్లీషువారు సమర్థుని ‘ఏబుల్’ అనుటయు, ఫ్రెంచివారు నేర్పరిని ‘హబీల్’ అనుటయు దీని సంతతియే. ఈ ప్రయాణములో మాట సంపాదించినదెంత, పోగొట్టుకొనినదెంత యనునదే నేటి విచారము.

ముందుగా మాట పుట్టుక. లాటినులో ‘హబేరె’ యను క్రియకు కలిగియుండుట, పట్టియుంచుట యని యర్థము. దానికి ‘ఇలిస్’ అను ప్రత్యయము చేరగా ‘హబిలిస్’ ఏర్పడినది. ఈ ప్రత్యయపు స్వభావము తెలియవలెనన్న దీని తోబుట్టువులను చూడవలయును. ‘ఫకెరె’ అనగా చేయుట. ‘ఫకిలిస్’ అనగా సులభముగా చేయదగినది. ‘ఫ్రంగెరె’ అనగా విఱుచుట. ‘ఫ్రగిలిస్’ అనగా ఇట్టే విఱుగునది. గాజుసామానుల పెట్టెలపై ఇంగ్లీషున ‘ఫ్రజైల్’ అని అచ్చువేయుట అందఱును చూచినదే. ‘డొకేరె’ అనగా బోధించుట. ‘డొకిలిస్’ అనగా బోధకు లొంగునది. ఈ వరుసలో నిలిపి చూచినచో హబిలిస్ అనగా సులభముగా పట్టదగినది, చేతికి ఒదుగునది.

సంస్కృతము చదివినవారికి ఇది క్రొత్తగా తోచదు. పాణినీయమున ఖల్ ప్రత్యయము చేరి ఏర్పడిన సుకరము, దుష్కరము, సులభము, దుర్లభము అను మాటలు మనకు నిత్యవ్యవహారమున నున్నవి. సుకరమనగా సులభముగా చేయబడునది, చేయువాడు కాడు. దుర్భరమనగా మోయుటకు కష్టమైనది, మోయువాడు కాడు. హబిలిస్ కూడ నిట్లే మొదట కర్మపరమైన మాట. పట్టుకొనువానిని చెప్పక పట్టుకొనబడు దానిని చెప్పును. అయినను ‘సులభముగా’ అనగానే ‘ఎవనికి?’ అను ప్రశ్న పుట్టుచున్నది. ఏ చేయియు పట్టని కత్తి హబిలిస్ అగునో కాదో చెప్పుట యెట్లు? బరువు, పొడవు, వాడి అను గుణములు కత్తిలోనే యుండును, కొలిచి చెప్పవచ్చును. హబిలిస్ అను గుణము మాత్రము సగము కత్తిలోను సగము చేతిలోను ఉన్నది. ఈ సంగతిని మనసున నుంచుకొనినచో తక్కిన కథ సులభముగా బోధపడును.

ధాతువును గూర్చి ఇంకొక్క మాట. ఇంగ్లీషు ‘హావ్’ అను క్రియ రూపమునందును అర్థమునందును హబేరెను పోలియున్నది గనుక రెండును ఒకటేయని ఎవరైనను అనుకొందురు. శబ్దశాస్త్రజ్ఞులు కాదందురు. హావ్ అను మాటకు లాటినులో చుట్టము ‘కపెరె’, అనగా పట్టుకొనుట. హబేరెకు చుట్టముగా ఇంగ్లీషు ‘గివ్’ అను మాటను, అనగా ఇచ్చుటను, పలువురు చూపుదురు. పుచ్చుకొనుటయు ఇచ్చుటయు చేతి పనులే గదా! వేదమున చేయి యను నర్థమునను, తరువాతి కాలమున కిరణమను నర్థమునను వాడబడిన ‘గభస్తి’ శబ్దమును కూడ కొందఱు పండితులు ఈ కుటుంబమున చేర్చుచున్నారు. రూపసాదృశ్యమును చూచి చుట్టరికము కలుపరాదని ఇందువలన తెలియుచున్నది.

ఇక ప్రయోగములు. అగస్టసు చక్రవర్తి కాలమున రోము చరిత్రను వ్రాసిన లివీ, క్రీ.పూ. 216లో జరిగిన కన్నె యుద్ధమును వర్ణించుచు హన్నిబాలు సేనలోని రెండు జాతుల కత్తులను పోల్చెను. గాలు దేశీయుల కత్తులు మిక్కిలి పొడవైనవి, మొన లేనివి. స్పెయినువారి కత్తులు పొట్టివి, మొనగలవి. ఆ జాతివారు నఱకుటకంటె పొడుచుటకు అలవాటు పడినవారు. ఈ పొట్టి కత్తులను లివీ హబిలిస్ అనెను. పొట్టితనముచేతనే అవి అట్టివైనవని కారణమును కూడ చెప్పెను. పొడవైన కత్తిని విసరుటకు చోటు కావలయును. సేనలు ఒకదానితోనొకటి ఒత్తుకొనిన యిఱుకున చోటెక్కడిది? కత్తి గొప్పతనము దాని నిడివిలో లేక, పట్టిన చేతి యలవాటుతోను నిలిచిన తావుతోను కుదిరిన పొందికలో నున్నదని ఆ చరిత్రకారుని భావము. తరువాత రోమను సైనికుల నడుమున వ్రేలాడిన పొట్టి కత్తికి ‘స్పెయిను కత్తి’ యను పేరే నిలిచినది. శత్రువు చేతిలో వాటముగానున్న దానిని వారు తమ చేతికి తెచ్చుకొనిరి.

దీనికి వ్యతిరేకపదము ‘ఇన్‌హబిలిస్’. ఇది కూడ లివీయందే యొక చక్కని తావున కానవచ్చును. క్రీ.పూ. 197లో మాసిడోనియా రాజగు అయిదవ ఫిలిప్పు రోమనులచేత ఓడింపబడెను. మరుసటి సంవత్సరపు సంధిలో అతడు తన యుద్ధనౌకల నన్నింటిని అప్పగింపవలెనని నిర్ణయమయ్యెను. అయిదు నావలును, రాజుగారి స్వంత నౌక యొకటియు మాత్రము అతనికి మిగిల్చిరి. ఆ రాజనౌకకు పదునాఱు వరుసల తెడ్లని లివీ వ్రాయుచు, దాని పరిమాణమును ఇంచుమించు ఇన్‌హబిలిస్ అనెను. అనగా నడపుటకు లొంగనంతటిదని. గెలిచినవారు ఓడినవానికి దేనిని విడిచిపెట్టిరో చూడుడు. చూచుటకు పర్వతమువంటిది, ఏలుటకు పనికిరానిది. ఆ నౌకకు కడపట గల్గిన ఉపయోగము ఊరేగింపు. క్రీ.పూ. 167లో ఫిలిప్పు కుమారుని జయించిన ఎమీలియసు పౌలసు పదునాఱు వరుసల తెడ్ల రాజనౌకపైననే టైబరు నదిలో ఎదురేగి రోము చేరెను. ఒడ్డున నిలిచి చూచుటకే తగినది, చేతికి తగినదానితో సరితూగదు.

అయితే చేతికి ఒదిగినంతమాత్రమున సరిపోవునా? ఈ ప్రశ్నకు సిసిరో గ్రంథమున ప్రత్యుత్తరము దొరకును. క్రీ.పూ. 55లో అతడు వక్తృత్వమును గూర్చి సంవాదరూపమున నొక గ్రంథము వ్రాసెను. అందు సోక్రటీసు కథ యొకటి కలదు. సోక్రటీసుపై ఏథెన్సు న్యాయస్థానమున అభియోగము నడచినది క్రీ.పూ. 399లో. అప్పుడు లిసియసు అను ప్రసిద్ధ వాగ్మి, సోక్రటీసు తన పక్షమున వల్లించుటకై యొక ఉపన్యాసమును వ్రాసి తెచ్చి యిచ్చెనట. సోక్రటీసు దానిని చదివి, బాగుగనే యున్నదని మెచ్చి, వలదనెను. అందుకు అతడు చెప్పిన ఉపమానము చెప్పులది. సిక్యోను పట్టణపు చెప్పులను ఎవరైన తెచ్చి యిచ్చినచో, అవి పాదమునకు ఎంత హాయిగా అమరినను తాను తొడుగడట. అవి మగవాని ఠీవికి తగినవి కావట. ఉపన్యాసముకూడ అట్టిదే, నేర్పు గలది గాని, ధీరునకు తగినది కాదు. ఇక్కడ పాదమునకు అమరిన చెప్పునకు సిసిరో వాడిన విశేషణము హబిలిస్.

ఈ కథ ప్రాణముమీది కథ. ఆ ఉపన్యాసమును వల్లించియుండినచో సోక్రటీసు బ్రతికెడివాడేమో. ఇతరులు వ్రాసి యిచ్చిన మాట నోటికి ఎంత సులువుగా నున్నను అది తనది కాదని అతడు విడిచెను. కాలికి అమరుట వేఱు, మనిషికి అమరుట వేఱు. ఒకరి అర్జీని వేఱొకరు వ్రాయు ఆచారముగల పల్లెలలో ఈ భేదమును వివరింప నక్కఱలేదు. అర్జీలోని భాష ఎంత చక్కగా నున్నను, అధికారి యెదుట నిలిచి ఒక ప్రశ్న అడుగగానే అర్జీదారుడు ఎవని చెప్పులలో నిలిచియున్నాడో తెలిసిపోవును. వస్తువు హబిలిస్ అగుట మంచిదే. అదియే సర్వస్వము కాదని లాటిను రచయితలకు తెలియును.

మహాకవి వర్జిలు (క్రీ.పూ. 70–19) ఈ మాటను మిక్కిలి సుకుమారముగా వాడెను. అతని ‘ఈనీడ్’ మహాకావ్యమున మొదటి సర్గలో నాయకుడగు ఈనియసు, తుపానువలన కార్తేజి తీరమున చిక్కి, అడవిలో తిరుగుచుండగా అతని తల్లియగు వీనసు దేవత వేటకత్తె వేషమున ఎదురుపడును. ఆమె భుజమున వేటకత్తెల వాడుకచొప్పున వ్రేలాడు విల్లు హబిలిస్. దేవతకు విల్లు ఎందుకు? వేషమునకు. అయినను ఆ విల్లు నిత్యము మోయుదాని భుజమున నున్నట్లు ఒదిగియున్నది. బట్టలు మార్చుటతో వేషము పూర్తికాదు. పనిముట్టు ఒంటితో కలిసిపోవలయును. కవి ఒక్క విశేషణముచేత దానిని సాధించెను.

అన్నింటికంటె ఆశ్చర్యకరమైన ప్రయోగము అదే కావ్యమున పదునొకండవ సర్గలో నున్నది. వోల్షియనుల రాజగు మెటాబసును అతని ప్రజలే ద్వేషించి ప్రివెర్ణము నుండి తఱిమివేసిరి. అతడు పసికందగు కూతురు కమిల్లాను గుండెలకు హత్తుకొని పరుగెత్తుచుండెను. వెనుక శత్రువులు, ముందు వానలకు ఒడ్డులు పొరలి పాఱుచున్న అమసేనసు నది. ఒక్కడే యైనచో ఈదగలడు, బిడ్డతో ఎట్లు? అతని చేత బలమైన ఈటె యొకటి కలదు. ఆ తండ్రి బిడ్డను బెండుచెట్టు బెరడులో చుట్టి, ఈటె నడిమిభాగమున కట్టి, డయానా దేవతకు మ్రొక్కి, నది యవతలి యొడ్డునకు విసరెను. పిదప తానును నీటదూకి యీది, అవతల గడ్డిలో నాటుకొనిన ఈటెను, దానితో బిడ్డను పెఱికి తీసికొనెను.

బిడ్డను ఈటెకు కట్టిన ఆ పాదమున హబిలిస్ శబ్దము ద్వితీయావిభక్తిలో నున్నది. అది దేనికి విశేషణము? ఈటెకా, బిడ్డకా? లాటినులో ఈటెకును కూతురునకును స్త్రీలింగపు మాటలే. కాని సంస్కృతమునందువలెనే లాటినులోను విశేషణము విశేష్యము యొక్క లింగమును, వచనమును, విభక్తిని అనుసరింపవలయును. ఆ తావున ఈటె వేఱు విభక్తిలో నున్నది. ద్వితీయలో నున్నది బిడ్డయే. కనుక హబిలిస్ అయినది బిడ్డ! విసరుటకు అనువుగా, తూకము చెడకుండ, చేతికి లొంగునట్లు కట్టబడిన బిడ్డ. కత్తికిని చెప్పునకును వాడు మాటను కవి పసికందునకు వాడినాడు. కఠినమని తోచును. కాని ఆ క్షణమున తండ్రి చేయవలసిన ప్రేమ యంతయు ఆ కట్టుటలోనే యున్నది. ముడి వదులైనను, తూకము వ్రేలెడు తప్పినను బిడ్డ నీటిపాలగును. ఏడ్చుచు ముద్దాడుటకు వ్యవధి లేదు. చేయి పొరపడకుండుటయే వాత్సల్యము. వర్జిలు కన్నీటిని వర్ణింపక ముడిని వర్ణించెను. ఈటెచేత బ్రతికిన కమిల్లా వీరనారియై పెరిగి, ఆ సర్గలోనే ఆఱున్సు విసరిన ఈటెచేత మరణించును. ఒకచేతికి వాటమైనది మఱియొకచేతికిని వాటమగును. ఆయుధమునకు పక్షము లేదు.

ఇక మాట మనిషిమీదికి మరలిన విధము. లివీయే హన్నిబాలు స్వభావమును వర్ణించుచు, ఆజ్ఞకు లోబడుట, ఆజ్ఞ చేయుట అను పరస్పర విరుద్ధములగు రెండు పనులకును అంతకంటె హబిలిస్ అయిన స్వభావము వేఱొకటి లేదను భావమును వెలిబుచ్చెను. సైనికుని కత్తికి వాడిన మాటయే నాయకుని బుద్ధికి వచ్చినది. ఇక్కడ కూడ మాట పాతగుణమును పూర్తిగా విడువలేదు, ‘దేనికి?’ అని అడిగినచో పనుల పేరులు చెప్పుచున్నది. మధ్యయుగపు లాటినున ఇది ధర్మశాస్త్రపు మాటయై, ఒక పదవికో హక్కునకో అర్హుడగువాడని యర్థమునిచ్చినది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు పోయి ‘ఏబుల్’ అయినది. ఇంగ్లీషు మాటల చివర కానవచ్చు ‘ఏబుల్’ ప్రత్యయము మాత్రము వేఱు లాటిను ప్రత్యయమునుండి వచ్చినది; రూపము కలియుటచేత జనులు రెండింటిని ఒకటిగా భావించిరి.

అర్హతను పోగొట్టుకొనినవానికి దానిని తిరిగి యిచ్చుటకు మధ్యయుగపు లాటినున ఏర్పడిన మాటనుండియే ఇంగ్లీషు ‘రీహాబిలిటేషన్’ పుట్టినది. దీనిని తెలుగున ‘పునరావాస’మని వాడుచున్నారు. ఆవాసమనగా నివాసము. లాటినులో నివసించుటకు ‘హబిటారె’ యను వేఱు క్రియ కలదు. అదియు హబేరె సంతానమే గాని హబిలిస్ కాదు. ఇంగ్లీషు మాట తిరిగి తగినవానిగా చేయుటను చెప్పుచుండగా, తెలుగు మాట తిరిగి ఇల్లు చూపుటను చెప్పుచున్నది. ఈ భేదము నిఘంటువులోనే యుండిపోవునది కాదు. నాగార్జునసాగరము, శ్రీశైలము జలాశయముల క్రింద ఊళ్లు మునిగినవారికి కావలసినది ఇల్లొక్కటియే కాదు గదా! నల్లరేగడిని దున్నిన చేతికి ఱాతినేలను చూపినచో ఆవాసము కలిగినను వాటము కలుగదు. ఒక్క మాటలో రెండర్థములను ఇముడ్చుకొనినప్పుడు రెండవది మఱచిపోబడు ప్రమాదము కలదు.

హబిలిస్ శబ్దమునకు ఇరువదియవ శతాబ్దమున మహత్తరమైన పదవి లభించినది. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాకు చెందిన ఓల్డువాయి లోయలో 1960లో ఒక పిన్నవయస్కుని దవడయు, పుఱ్ఱె ముక్కలును, చేతి యెముకలును దొరికినవి. అవి సుమారు 18 లక్షల సంవత్సరముల నాటివి. ఆ లోయలో అంతకు పూర్వమే పగులగొట్టిన ఱాతి పనిముట్లు దొరికియుండెను. లూయీ లీకీ, ఫిలిప్ టోబయస్, జాన్ నేపియర్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఇది మానవజాతిలో నొక క్రొత్త శాఖయని 1964లో ప్రకటించి ‘హోమో హబిలిస్’ అని నామకరణము చేసిరి. పేరును సూచించినవాడు రేమండ్ డార్ట్ అను శాస్త్రజ్ఞుడు. చేతిపని తెలిసిన మనిషి యని వారి భావము. పట్టదగిన ఱాతికి చెందవలసిన విశేషణము ఱాతిని పట్టిన చేతికి పోయినది. మాట చేసిన ప్రయాణమున కిది పరాకాష్ఠ.

కాని భూమి తన కథను అక్కడితో ఆపలేదు. కెన్యాలోని లొమెక్వి అను తావున దొరికిన ఱాతి పనిముట్లు 33 లక్షల సంవత్సరముల నాటివని 2015లో ప్రకటింపబడినది. హోమో అను ప్రజాతికి చెందినదని అదే సంవత్సరము ప్రకటింపబడిన ఇథియోపియా దవడ సుమారు 28 లక్షల సంవత్సరముల నాటిది. అనగా మనిషియని పేరుపెట్టదగిన ప్రాణి జాడ కానరాకముందే పట్టదగిన ఱాయి కానవచ్చుచున్నది. చేయి ఱాతిని మలచినది. తరతరములుగా ఱాయియు చేతిని మలచినదని శాస్త్రజ్ఞులు పలువురు తలంచుచున్నారు. సగము వస్తువులోను సగము చేతిలోను ఉండు గుణమని మొదట చెప్పికొనిన మాటకు ఇంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము వేఱొకటి ఉండబోదు.

ఇప్పుడు పోగొట్టుకొనినదెంత యను ప్రశ్న. ఒకనిని సమర్థుడనియు వేఱొకనిని అసమర్థుడనియు చెప్పునప్పుడు ఆ గుణము వాని ఒంటిలోనే యున్నట్లు మాటాడుచున్నాము. చేతిలోని పనిముట్టు సంగతి ఎవరును అడుగరు. తెలుగున ‘వాటము’ అను అచ్చమైన మాట ఈ విషయమున హబిలిస్‌కు సాటి. కొడవలి వాటముగా నున్నదందుము. వానిది ఎడమచేతి వాటమందుము. వస్తువునకును చేతికిని ఒకే మాట. చేతివాటమని కలిపినప్పుడు మాత్రము అది చిన్న దొంగతనమునకు చెల్లుచున్నది. పరుల వస్తువు తన చేతికి మఱీ సులువుగా అమరుటయే గదా యది!

ఎడమచేతి వాటముగల పిల్లవాని సంగతి చూడుడు. బజారున అమ్ము కత్తెరలు చాలవఱకు కుడిచేతివారికై చేసినవి. ఎడమచేత పట్టి నొక్కినప్పుడు అలుగులు రెండును ఒరసికొనక దూరమగును. గుడ్డ తెగదు, నలుగును. చూచినవారు ‘చేతకానివాడు’ అందురు. తప్పు చేతిలో నున్నదా, కత్తెరలో నున్నదా? రెంటిలోను లేదు, రెంటికిని నడుమ నున్నది. వడ్రంగి గొడ్డలికి కామ తొడుగునప్పుడు నఱకువాని చేతిలో నుంచి చూచి చెక్కును. పిల్లవానికి పలకను, ముసలిదానికి చేతికఱ్ఱను, కాలు లేనివానికి బండిని అమర్చునప్పుడును అట్లే చేయవలయును. అట్లు చేయకయే ‘వానికి చేతగాదు’ అని తీర్పు చెప్పుట, చెప్పు కఱచినదని పాదమును నిందించుట వంటిది.

గ్రంథము కూడ చేత పట్టు వస్తువే. ప్రాచీన రోములో పుస్తకమనగా పొడవైన చుట్ట. ఒకచేత విప్పుచు ఒకచేత చుట్టుచు చదువవలయును. క్రీ.శ. మొదటి శతాబ్దమున మార్షియలు అను కవి తన పాఠకులకు ఒక సలహా చెప్పెను. ప్రయాణమున తోడు కావలసినచో తోలుపుటలపై వ్రాసి కుట్టిన చిన్న పుస్తకమును కొనవలెననియు, పెద్దవానిని పెట్టెలకు వదలి ఒక చేతిలో నిముడు తన పుస్తకమును పట్టవలెననియు చెప్పి, దుకాణము ఎక్కడనున్నదో కూడ తెలిపెను. హబిలిస్ అను మాట అక్కడ లేదు గాని భావమదియే. 1501లో వెనిసు నగరమున ఆల్డసు మనూషియసు అను ముద్రాపకుడు వర్జిలు కావ్యములను సన్నని వాలు అక్షరములతో చిన్న పరిమాణమున అచ్చువేసెను. అంతవఱకు బల్లపై పఱచి చదువవలసిన కవి ఆనాడు చేతిలోనికి వచ్చెను. ఈటెకు కట్టబడిన కమిల్లా కథ అట్లు ఎందఱి చేతులలోనో ఎన్ని ఏఱులనో దాటినది.

పుస్తకములు ఉపయోగించుటకేయనియు, ప్రతి పాఠకునకు తగిన పుస్తకమును, ప్రతి పుస్తకమునకు తగిన పాఠకుడును ఉండవలెననియు యస్. ఆర్. రంగనాథనుగారు 1931లో వెలువరించిన గ్రంథాలయశాస్త్ర సూత్రములలో చెప్పిరి. ఈ రెండు వైపుల తగవులో ఏ యొక్కవైపు తప్పినను గ్రంథాలయము బీరువాల గది యగును. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువపై పడవ గ్రంథాలయమును నడపినది కూడ ఇందుకే. పాఠకుడు పుస్తకమును చేరలేనిచోట పుస్తకమే పాఠకుని చేతికి పోవలయును.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున అట్టలు నలిగి, మూలలు మెత్తబడి, మాటిమాటికి కుట్టించవలసి వచ్చిన పుస్తకములు కొన్ని కలవు. కొన్నప్పటి మెఱుగు చెడక, ఆకులు విడదీయకయే నిలిచియున్నవి కొన్ని కలవు. రెండవవానిలోను ఉత్తమ గ్రంథములు లేకపోలేదు. వానికి తగిన చేయి ఇంకను రాలేదంతే. బడి మానిన పిల్లవానికి, చత్వారము వచ్చిన రైతునకు, అక్షరములు కూడబలుకుకొను ఇల్లాలికి ఏ పుస్తకము, ఏ పరిమాణపు అక్షరములతో, ఏ వేళ అందింపవలెనో అరసి చూచుట గ్రంథపాలకుని ముఖ్యకార్యము. వారు చదువరని ముందే నిశ్చయించుట తగదు. రాబోవు ఇరువదియైదేండ్లలో ఆ నలగని అట్టలన్నియు నలగుగాక!